కెర్నెల్ వ్రాసికొను పలక

చేతిలోని ఫోను ఒక్కొక్కప్పుడు క్షణకాలము స్తంభించును. వ్రేలితో ఎంత త్రోసినను తెర కదలదు. వినుచున్న పాట నడుమ తెగి, మరల అందుకొనును. అంతలో అంతయు సర్దుకొనును. మనమును ఆ సంగతి మరచిపోవుదుము. ఆ యంత్రమును నిర్మించినవారికి మాత్రము మరచిపోవుటకు వీలులేదు. ఆ క్షణమున లోపల ఏమి జరిగినది? ఏ పని ఏ పని కొరకు వేచియుండినది? ఈ ప్రశ్న వేయునప్పటికే ఆ క్షణము గడచిపోయినది. గడచినదానిని తెలిసికొనవలెనన్నచో, అది జరుగుచున్నప్పుడే ఎవరో ఒకరు వ్రాసి యుంచవలెను. వ్రాయుటకు చోటు కావలెను. ఆ చోటును గూర్చియే ఈ ప్రసంగము.

కంప్యూటరులో గాని, ఫోనులో గాని మనకు కనిపించు కార్యక్రమములన్నిటికిని అడుగున మూల కార్యక్రమ మొకటి ఉండును. దానిని కెర్నెల్ అందురు. కెర్నెల్ అనగా గింజలోని పప్పు. ఆపరేటింగ్ సిస్టమ్ అను గింజకు ఇది పప్పు. ఏ కార్యక్రమము ప్రాసెసరును ఎంతసేపు వాడుకొనవలెనో, ఎవరికి ఎంత మెమొరీ ఈయవలెనో, డిస్కునుండి ఎప్పుడు చదువవలెనో నిర్ణయించునది ఇదియే. ఫిన్లండు దేశమున హెల్సింకీ విశ్వవిద్యాలయములో విద్యార్థిగా నుండిన లీనస్ టోర్వాల్డ్స్ 1991లో వెలువరించిన లినక్స్ అట్టి కెర్నెల్. నేటి ఆండ్రాయిడ్ ఫోనులకు ఆధార మదియే. ఇంటర్నెట్టును నడుపు సర్వరులలో అధికభాగము దానిపైననే నడుచుచున్నవి.

ఈ కెర్నెల్ చేయు పనులు మన ఊహకు అందని వేగముతో సాగును. ఒక సెకనులో లక్షలకొలది చిన్న పనులు పూర్తియగును. వానిని జరిగిన వరుసలో, జరిగిన కాలముతో సహా గుర్తించి వ్రాసికొనుటను ట్రేసింగు అందురు. ట్రేసు అనగా జాడ. ఇసుకలో నడచిపోయిన మనిషి అడుగుజాడవంటిది. ఈ జాడలను దాచు మెమొరీ భాగమే ట్రేస్ బఫరు. లినక్స్‌లో ఇందులకై ఎఫ్‌ట్రేస్ అను సాధనము కలదు. స్టీవెన్ రోస్టెడ్ అను అమెరికా దేశపు ప్రోగ్రామరు దీనిని ముఖ్యముగా తీర్చిదిద్దెను. 2008 అక్టోబరులో వెలువడిన 2.6.27 అను కెర్నెల్‌లో ఇది మొదట చేరినది. జాడలు దాచుటకు నేడు వాడుచున్న రింగ్ బఫరు పద్ధతి అదే సంవత్సరము డిసెంబరులో వచ్చిన 2.6.28లో చేరినది.

జాడలను తిన్నగా డిస్కులో వ్రాయరాదా యని అడుగవచ్చును. డిస్కు మెమొరీకంటె మిక్కిలి మందగమనము కలది. అదియునుగాక డిస్కులో వ్రాయుటయు కెర్నెల్ పనియే. ఒక జాడ వ్రాయబోయి పది జాడలు చేసినట్లగును. పోనీ, చోటు చాలనప్పుడెల్ల మరికొంత మెమొరీని అడిగి తీసికొనరాదా? అదియు కుదరదు. మెమొరీని పంచిపెట్టు విభాగము కూడ ట్రేసింగునకు లోబడినదే. దానిని చూచి వ్రాయుచున్నవాడు కాగితము కొరకు దానినే అడిగినచో, ఆ అడుగుట యొక క్రొత్త సంఘటన. దానిని వ్రాయుటకు మరల కాగితము కావలెను. ఇట్లు అంతులేని తిరుగుడు ఏర్పడును. ఇంకొక చిక్కు కూడ కలదు. గడియారము, నెట్‌వర్కు కార్డు మొదలగు పరికరములు ప్రాసెసరును ఉన్నట్లుండి పిలుచుచుండును. ఆ పిలుపునకు పలుకుచున్న సమయమున ప్రాసెసరు దేనికొరకును వేచి కూర్చుండరాదు. కావున చోటును ముందుగానే తీసి యుంచవలెను. ఎంత తీయవలెనో ముందుగానే నిర్ణయింపవలెను. బడిపిల్లవాని పలకవలె, ట్రేస్ బఫరు కొలత వ్రాత మొదలుపెట్టకముందే ఏర్పడియుండును.

ఆ కొలత ఎంత? ఎవరును మార్చనప్పుడు, లినక్స్‌లో అది ఒక్కొక్క ప్రాసెసరునకు 1408 కిలోబైట్లు. ఈ వింత సంఖ్య ఎచటనుండి వచ్చినదో కెర్నెల్ ప్రోగ్రాములో వ్రాసియున్న వ్యాఖ్యయే తెలుపుచున్నది. 16,384 నమోదులు, ఒక్కొక్కటి 88 బైట్లు. గుణించినచో 14,41,792 బైట్లు, అనగా సరిగా 1408 కిలోబైట్లు. తొలినాళ్లలో చిన్న జాడకును పెద్ద జాడకును సమానముగా 88 బైట్ల గడి కేటాయించెడివారు. నేడు ఆ సమానపు గళ్లు లేవు. జాడ ఎంతయో చోటంతయే. అయినను పాత లెక్క మాత్రము నిలిచిపోయినది. కుంచము మారినను గాదె మారనట్లు.

యంత్రము మేలుకొన్న వెంటనే ఇంత చోటును తీసికొనదు. ట్రేసింగును ఎవరును ముట్టనంతవరకు ఒక్కొక్క ప్రాసెసరునకు కొద్ది కిలోబైట్లు మాత్రమే ఉంచుకొనును. మొదటిసారి దానిని వాడినప్పుడు పూర్తి కొలతకు విస్తరించును. వాడనివారిపై భారము పడకుండుటకే ఈ ఏర్పాటు.

ఇచట 'ఒక్కొక్క ప్రాసెసరునకు' అను మాట ముఖ్యమైనది. నేటి చిప్పులో అనేకమైన కోర్లు ఉండును; కెర్నెల్ లెక్కలో ప్రతి కోరును ఒక ప్రాసెసరే. ఒకే పలకపై ఎనమండుగురు వ్రాయవలసివచ్చినచో, ఒకరు వ్రాయునప్పుడు తక్కినవారు ఎదురుచూడవలెను. అట్లు ఎదురుచూచుటచే యంత్రము నడకయే మారిపోవును. పనిని చూడవచ్చినవాడే పనిని చెరచినట్లగును. అందుచేత ఎవరి పలక వారికి ఈయబడినది. వేగమును మెమొరీ ఇచ్చి కొనుక్కొన్నారన్నమాట. ఎనిమిది కోర్ల ఫోనులో ఈ పలకలన్నియు కలిసి 11 మెగాబైట్లు. 64 కోర్ల సర్వరులో 88 మెగాబైట్లు. పని యంతయు ఒకే కోరుపై జరుగుచున్నచో, ఆ ఒక్క పలక నిండి పొర్లుచుండగా తక్కిన అరువదిమూడును ఖాళీగా పడియుండును. ఒకరి పలకలోని ఖాళీ వేరొకరికి అక్కరకు రాదు.

మరియొక సంగతి. మెమొరీ ఇరుకైనప్పుడు కెర్నెల్ సామాన్య కార్యక్రమముల మెమొరీలో కొంతభాగమును డిస్కునకు పంపి చోటు చేసికొనును. లినక్స్ తన సొంత మెమొరీని మాత్రము అట్లు పంపదు. ట్రేస్ బఫరు కెర్నెల్ సొంత మెమొరీలోనిదే. కావున దానికిచ్చిన చోటు, అది తిరిగి యిచ్చువరకు ఇతరులకు లేనట్లే.

చోటు ఇట్లు మితమైనప్పుడు వ్రాత పొదుపుగా నుండవలెను. కాలమును నానోసెకనులలో, అనగా సెకనులో వందకోటవ వంతులలో, పూర్తిగా వ్రాయుటకు 8 బైట్లు పట్టును. ప్రతి జాడకును ఇన్ని బైట్లు ఖర్చుపెట్టుట దండుగ. బఫరులోని మెమొరీ పుటలుగా విభజింపబడియుండును. సాధారణముగా పుట యొక్కటి 4096 బైట్లు. పుట మొదట మాత్రము పూర్తి కాలమును వ్రాసి, ఆ తరువాతి జాడలకు వెనుకటి జాడనుండి ఎంత గడచినదో మాత్రమే వ్రాయుదురు. ఆ తేడాకు 27 బిట్లు. జాడ రకమునకును నిడివికిని కలిపి 5 బిట్లు. వెరసి 32 బిట్లు, అనగా 4 బైట్లు. 27 బిట్లలో సుమారు 134 మిల్లీసెకనులవరకు కొలువవచ్చును. అంతకుమించిన ఎడము వచ్చినచో, దానిని తెలుపుటకు ప్రత్యేకమైన గుర్తు ఒకటి చేర్చబడును. పద్దుల పుస్తకములో పుటమొదట తేదీ వేసి, క్రింది పద్దులకు 'సదరు' అని సరిపెట్టుకొనుట మనవారు ఎరిగినదే.

పేర్ల విషయమునను ఇదే పొదుపు. జాడలో కార్యక్రమము పేరు ఉండదు. దానికి కెర్నెల్ ఇచ్చిన సంఖ్య మాత్రమే ఉండును. ఏ సంఖ్య ఏ పేరుదో తెలుపు పట్టిక వేరుగా నుండును. ఎవరును పెంచనిచో అందులో 128 పేర్లకే చోటు. ఆ పట్టికనుండి పేరు జారిపోయినచో, తరువాత చదువువారికి పేరుండవలసినచోట మూడు చుక్కలు కనిపించును. వాక్యములను గూడ బఫరులో వ్రాయరు. అంకెలను మాత్రము దాచి, చదువునప్పుడు వానిని వాక్యములుగా కూర్చుదురు. ఇంత పొదుపు చేసినందున, కెర్నెల్‌లోని ఒక ఫంక్షను మరియొకదానిని పిలిచినదని తెలుపు జాడ 64 బిట్ల యంత్రమున సుమారు 28 బైట్లలో ఇముడును. పాత గడిలో ఇది మూడవవంతు. ఈ లెక్కన 1408 కిలోబైట్లలో 50 వేల జాడలు పట్టును.

50 వేలనగా విస్తారముగా తోచును. కాని ఒక ప్రాసెసరు సెకనునకు పదిలక్షల పిలుపులు చేయుచున్నదనుకొందము. అప్పుడు ఆ పలక యంతయు సెకనులో ఇరువదవ వంతునకే నిండిపోవును. కన్ను మూసి తెరచునంతలో నిండినదన్నమాట!

నిండిన తరువాత ఏమి చేయవలెను? రింగ్ అనగా వలయము. పుటలన్నియు వలయముగా కూర్చబడియుండును. వ్రాయువాడు గానుగెద్దువలె ఆ వలయము చుట్టు తిరుగుచుండును. ఒక చుట్టు పూర్తియైనప్పుడు ఎదుట నున్నది తాను మొదట వ్రాసిన పుటయే. ఇచట రెండు మార్గములు కలవు. మొదటిది: పాత పుటను చెరిపి, దానిపై క్రొత్త జాడలు వ్రాయుట. రెండవది: పాతదానిని ముట్టక, ఎవరైన చదివి ఖాళీ చేయువరకు క్రొత్త జాడలను వదలివేయుట. లినక్స్ సామాన్యముగా మొదటి మార్గమును అనుసరించును. కోరినవారు రెండవదానికి మార్చుకొనవచ్చును. చెరుపునప్పుడు ఒక్కొక్క జాడను గాక, పుటకు పుటను చెరుపును.

చదువువాడు వచ్చినప్పటి ఏర్పాటు చక్కనిది. అతని చేతిలో పుట ఒకటి అదనముగా నుండును. దానిని వలయములో నిలిపి, నిండిన పాత పుటను బయటికి తీసికొనును. వ్రాయువాడు అతని కొరకు ఆగనక్కరలేదు. అతడును తీరికగా చదువుకొనవచ్చును. చదువుటకు ముందే చెరిగిపోయిన జాడలెన్నియో ఆ లెక్కను బఫరు దాచుకొనును. చదువునప్పుడు 'ఇచట ఇన్ని జాడలు పోయినవి' అని చెప్పును. అంతయు చూచితినని బొంకదు. సాక్షికి ఇంతకంటె ఏమి కావలెను?

ఈ రెండు మార్గములలో ఏది మేలు అనునది, మనము దేనిని వెదకుచున్నామో దానినిబట్టి యుండును. యంత్రము మేలుకొనునప్పటి సంగతులు కావలెనన్నచో పాతవానిని కాపాడవలెను. ఎప్పుడు వచ్చునో తెలియని లోపము కొరకు కాచుకొనియున్నచో, చివరి క్షణములు కావలెను; అప్పుడు పాతవానిని చెరుపుటయే తగినది. విమానములలోని ధ్వనిముద్రణ యంత్రము ఈ రెండవ కోవకు చెందినది. 1950వ దశకమున ఆస్ట్రేలియా దేశపు శాస్త్రజ్ఞుడు డేవిడ్ వారెన్, విమానచాలకుల మాటలను ముద్రించి దాచు యంత్రమును రూపొందించెను. అట్టి యంత్రము అప్పటినుండి ఇప్పటివరకు పాతదానిని చెరుపుచు, క్రొత్తదానిని ముద్రించుచునే యున్నది.

చెరుపు పద్ధతిలో ఒక ప్రమాదము కలదు. 2024 జనవరి 5వ తేదీన అమెరికాలో పోర్ట్‌లండ్ నగరమునుండి బయలుదేరిన అలాస్కా ఎయిర్‌లైన్స్ విమానమునకు ఆకాశమున ప్రక్కగోడలోని తలుపుబిళ్ల ఊడిపోయినది. విమానము సురక్షితముగా దిగినది, ప్రాణనష్టము లేదు. కాని దర్యాప్తు అధికారులకు చాలకుల మాటలు లభింపలేదు. ఆ యంత్రము రెండుగంటల మాటలను మాత్రమే దాచును. దిగిన తరువాత సకాలమున దానిని ఆపకపోవుటచే, కావలసిన భాగముపై అక్కరలేని నిశ్శబ్దము ముద్రితమైనది. ఆ సంవత్సరమే అమెరికా ప్రభుత్వము 25 గంటల ముద్రణను కోరుచు శాసనము చేసినది.

కెర్నెల్ విషయమునను పాఠ మిదియే. లోపము కనబడిన వెంటనే వ్రాత ఆగవలెను. మనిషి వచ్చి ఆపునంతలో పలక వందసార్లు చెరిగిపోవును. అందుచేత లోపమును కనిపెట్టిన ప్రోగ్రాము తానే ట్రేసింగును ఆపునట్లు ఏర్పాటు కలదు. కెర్నెల్ తన లోపలనే పెద్ద తప్పు జరిగినదని గ్రహించినచో, బఫరులో నున్నదంతయు బయటికి ముద్రించునట్లును ముందుగా చెప్పియుంచవచ్చును. యంత్రమును ఆపి మరల మొదలిడినను జాడలు చెరగకుండునట్లు, ప్రత్యేకించిన మెమొరీలో బఫరును ఉంచు సౌకర్యము 2024లో లినక్స్‌లో చేరినది.

అట్లైన పలకనే మిక్కిలి పెద్దదిగా చేసికొనరాదా? చేసికొనవచ్చును. ఒక చిన్న ఫైలులో కిలోబైట్ల సంఖ్యను వ్రాసిన చాలును, బఫరు అంతకు పెరుగును. ఆ సంఖ్య ఒక్క ప్రాసెసరునకే అని మరచి, మొత్తమునకు అనుకొని వ్రాసినవానికి చిక్కు తప్పదు. 64 ప్రాసెసర్ల యంత్రములో ఒక గిగాబైటు కోరినచో, కెర్నెల్ 64 గిగాబైట్లు తీయబోవును. మెమొరీ పూర్తిగా కొరవడినప్పుడు లినక్స్ ఒక కఠినమైన పని చేయును. అధికముగా మెమొరీ వాడుచున్న కార్యక్రమమును ఎంచి దానిని చంపివేయును. బఫరు మెమొరీ కెర్నెల్ పేరనుండును గాని, పెంచుమని కోరినవాని పేర నుండదు. కావున కోరినవాడు చిన్నవాడుగా కనిపించి తప్పించుకొనును. ప్రక్కన తన పని తాను చేసికొనుచున్న పెద్ద కార్యక్రమము బలియగును. అది ఒక ఆసుపత్రి లెక్కలు చూచునదియే కావచ్చును, బ్యాంకు పద్దులు నడుపునదియే కావచ్చును. 2018లో దీనికి విరుగుడు చేర్చిరి. బఫరును పెంచుటకు ముందు అంత మెమొరీ సుమారుగా నున్నదా యని కెర్నెల్ చూచుకొనును. అంచనా తప్పి కొరత వచ్చినను, మొదటి శిక్ష కోరినవానికే పడును. న్యాయమైన ఏర్పాటే.

ఇంకొక సంగతిని తెలిసినవారు కూడ మరచిపోవుచుందురు. ట్రేసింగును ఆపుట వేరు, మెమొరీని విడుచుట వేరు. వ్రాత ఆగినంతమాత్రమున పలక పోదు. అందులోని వ్రాతను తరువాత చదువవలెను గదా! కొలతను మరల తగ్గించువరకు ఆ చోటు బఫరుదే. ట్రేసింగు చేయుచున్న కార్యక్రమము నడుమ చనిపోయినను బఫరు దానంతట అదే కుదించుకొనునట్లు వేరొక ఏర్పాటున్నది. జాగ్రత్తపరులు దానిని వాడుదురు. వ్రాతకు అడ్డము రాకుండ ఉన్నదున్నట్లు ఒక ప్రతి తీసియుంచు స్నాప్‌షాట్ పద్ధతిని వాడినచో, రెండవ పలక కావలెను, చోటు రెట్టింపగును. ప్రోగ్రాములు వ్రాయువారు తమ పరీక్ష కొరకు కెర్నెల్‌లో పెట్టుకొను ఒక ముద్రణ ఆజ్ఞ, మరచి అట్లే విడిచినచో, ఎవరును ట్రేసింగు కోరకున్నను బఫరును పూర్తిగా పెంచివేయును. అందుకే అట్టి కెర్నెల్ మేలుకొనునప్పుడు, ఇది నిత్యోపయోగమునకు తగదని నక్షత్రపు గుర్తుల చట్రములో పెద్ద హెచ్చరిక చూపును.

అయిన ఎంత చోటు తగినది? లెక్క కఠినమైనది కాదు. సెకనునకు ఎన్ని జాడలు, ఒక్కొక్కటి ఎన్ని బైట్లు, ఎన్ని సెకనుల గతము కావలెను, ఈ మూడింటిని గుణింపవలెను. సెకనునకు 20,000 జాడలు, జాడకు 50 బైట్లు, 10 సెకనుల గతము కావలెనన్నచో, ప్రాసెసరునకు ఒక కోటి బైట్లు, అనగా సుమారు 10 మెగాబైట్లు చాలును. ఈ మూడింటిలో జాడలసంఖ్యను తగ్గించుటయే మేలైన మార్గము. కెర్నెల్‌లోని వేలకొలది ఫంక్షనులన్నిటిని వ్రాయుట మాని, అనుమానమున్న పదింటిని మాత్రము వ్రాసినచో, అదే పలకపై సెకనులో ఇరువదవ వంతునకు బదులు నిమిషముల గతము నిలుచును. మెమొరీ పెంచి కొనదగినదానికంటె, దేనిని చూడవలెనో తెలిసికొని కొనదగినది ఎక్కువ. ఆండ్రాయిడ్ ఫోనులలో ఈ జాడలను సేకరించు పర్ఫెట్టో అను సాధనము వాడువారును ఈ విధముగనే, ప్రాసెసరుపై ఏ పని ఎప్పుడు ఎక్కినది, ఎప్పుడు దిగినది మొదలైన కొన్ని సంఘటనలను ఎంచుకొని వ్రాయింతురు.

పాట నడుమ తెగిన ఆ క్షణమును మరల తలచుకొందము. ఆ క్షణపు జాడ దొరకవలెనన్నచో మూడు సంగతులు ముందే జరిగియుండవలెను: ఎవరో కొంత మెమొరీని ఇతరులనుండి తీసి పెట్టియుండవలెను, ఏవి వ్రాయవలెనో ఎంచియుండవలెను, లోపము కనబడగనే చెరుపుట ఆగునట్లు చేసియుండవలెను. మూడవదానిని మరచినవానికి మొదటి రెండింటివలన ఫలితము లేదు. అన్నిటిని గుర్తుంచుకొనుటకు ఏ యంత్రమునకును చోటు చాలదు. కావున దేనిని మరచిపోవలెనో ముందుగా తెలిసి ఏర్పరచినవాడే, అవసరమైనప్పుడు కావలసినదానిని తిరిగి చదువగలుగును. పలక చిన్నదైనను, చేయి చెరుపు వేళ నెరిగినదైన చాలును.